ముప్పై బారల లోతు

తాతబ్బాయికి యంత్రాలంటే భయం లేదు, మోజూ లేదు. ఇంజను చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పగలడు. మూగబోయిన రేడియోను రెండు చరుపులు చరిచి పలికించగలడు. ఆయనకు గిట్టనిదల్లా వాగుడు. జంగ్లీఘాట్ రేవులో కుర్రాళ్ళు పట్టిన చేపనల్లా ఫోనుతో ఫొటో తీసి ఊరందరికీ పంపుతుంటే చూసి, "మనిసి వాగితే నోరు ముయ్యమంటాం, ఈ ఫోన్లకి ఏటని సెప్తాం?" అని గొణిగేవాడు. చేపని చూపిస్తే చూపించారు, దాని వెనకాల కొండ కూడా పడుతుంది కదా, ఎక్కడ పట్టారో తెలిసిపోదా అని ఆయన బెంగ.

ఆ బెంగ ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. అండమాన్‌కి వచ్చే జాలరి కుటుంబాలకు జాగా ఇస్తాం, పడవకీ వలకీ సాయం చేస్తాం అని సర్కారు పిలిచిన రోజుల్లో, భీమిలి పక్క పల్లె నుంచి మూడేళ్ళ తాతబ్బాయిని భుజాన వేసుకుని తండ్రి ఓడెక్కాడు. ఆ తర్వాత అరవై ఏళ్ళకు పైగా తాతబ్బాయి ఈ నీళ్ళ మీదే బతికాడు. ఇక్కడి వాళ్ళందరిలాగే హిందీలో బేరమాడతాడు, తెలుగులో తిడతాడు.

చేపలు పడే చోటు పైకి చెప్పకపోవడం వాళ్ళింట్లో దేవుడికి మొక్కినంత ఖాయం. రట్లాండ్ దీవి కొండ కొమ్ము కిందకి ఫలానా చెట్టు వచ్చేదాకా పోవాలి. అప్పుడు కుడిచేతి వైపు ఫలానా రాతి మీద ఇంకో కొండ కూర్చోవాలి. రెండూ ఒకేసారి కుదిరిన దగ్గర లంగరు వేస్తే అడుగున రాతిగుట్ట, దాని మీద చేప. ఈ గుర్తుల్ని తండ్రి తాతబ్బాయికి చెవిలో చెప్పాడు. తాతబ్బాయి కొడుకు జోగులుకి చెవిలోనే చెప్పాడు. ఎక్కడ పట్టావని ఇంకెవరైనా అడిగితే "సముద్రంలో" అనేవాడు, నవ్వకుండా.

ఒక్క చోటు మాత్రం జోగులుకి చెప్పలేదు. చెప్పే వీలు లేదు. జోగులు ఉన్నది అక్కడే.

2003 మే ఇరవై రెండు. తండ్రీ కొడుకులు చెరో చిన్న డింగీ పడవలో రట్లాండ్ తూర్పు పక్కకి వెళ్ళారు. వానగాలికి ఇంకా వారం ఉందని రేడియోలో చెప్పారు. మధ్యాహ్నానికే నైరుతి నుంచి గాలి విరుచుకుపడింది. తాతబ్బాయి కళ్ళముందే జోగులు డింగీ బోర్లాపడింది. దూకి, ఈదుకుంటూ పోయి, చొక్కా అందుకున్నాడు. వల కాళ్ళకు చుట్టుకుని కుర్రాణ్ణి కిందికి లాగుతోంది. చొక్కా చేతిలో చిరిగింది. జోగులు మళ్ళీ పైకి రాలేదు. అప్పటికి వాడికి ఇరవై ఒకటి.

గట్టున పడేసరికి పొద్దు వాలిపోయింది. భార్య కామమ్మ రేవులోనే నిలబడి ఉంది. "గుంటడేడి?" అంది. నిజం గొంతు దాకా వచ్చింది. నోట్లోంచి వచ్చిన మాట వేరు. "ఇంజను ఆగిపోనాది. గాలికి తూరుపు కొట్టుకుపోనాడు." ఆ పూటకి ఆమె గుండె నిలబడితే చాలు, తెల్లారాక చెబుదాం అనుకున్నాడు.

తెల్లారేసరికి ఇంటి నిండా జనం. కామమ్మను అక్క వరసలో పిలిచే నూకన్న ఆమె పక్కన కూలబడి ధైర్యం చెబుతున్నాడు. "తూరుపెల్తే బర్మా తగుల్తాది అప్పా. పట్టుకుని జైల్లో ఎడతారు, రెండేళ్ళకో మూడేళ్ళకో ఒగ్గేస్తారు. మా పెద్దమ్మ కొడుకు అలాగే రానేదేటి?" ఆ మాట విని కామమ్మ లేచి, ముఖం కడుక్కుని, పొయ్యి వెలిగించింది. ఆమె పొయ్యి వెలిగించడం చూసి తాతబ్బాయి నోరు కుట్టేసుకున్నాడు. వెతకడానికి వెళ్ళిన పడవలన్నీ తూర్పుకే వెళ్ళాయి.

ఇది తప్పా అంటే తప్పే. చిన్నది కూడా కాదు. ఒక్క రోజు కోసం ఆడిన అబద్ధం పద్దెనిమిదేళ్ళు ఇంట్లో కూర్చుని అన్నం తింది. బర్మా జైళ్ళ నుంచి విడిపించిన జాలర్లు వస్తున్నారని కబురు అందితే చాలు, కామమ్మ జోగులు చొక్కా ఒకటి సంచిలో పెట్టుకుని ఫీనిక్స్ బే జెట్టీకి బయల్దేరేది. పోర్టర్లను తోసుకుంటూ ముందుకెళ్ళి, దిగిన ప్రతివాడి ముఖం చూసేది. పద్దెనిమిదేళ్ళలో ఇలా పదకొండు సార్లు. పదకొండు సార్లూ తాతబ్బాయి వెంట వెళ్ళాడు. చిక్కి శల్యమై దిగిన వాళ్ళకు ఆమె టీ ఇప్పించి, "జోగులని ఒక గుంటణ్ణి సూసినారేటి బాబూ?" అని అడుగుతుంటే పక్కనే నిలబడి నేల చూసేవాడు. ఆ రోజు తను కూడా వల్లో చిక్కుకుని ఉంటే బాగుండేదని ప్రతిసారీ అనిపించేది.

జోగులు పోయిన ఏడాదిన్నరకి సునామీ వచ్చింది. జోగులు చోటుకి గుర్తు రట్లాండ్ ఒడ్డున ఉన్న ఒంటి గర్జన్ చెట్టు. అది వేళ్ళతో సహా కొట్టుకుపోయింది. ఒడ్డు కూడా కుంగింది. ఇంకొన్నాళ్ళు పోతే కొడుకు ఎక్కడున్నాడో తనకే తెలియకుండా పోతుందని తాతబ్బాయికి భయం పట్టుకుంది. చేపల కోసమని ఇంట్లో చెప్పి, అరచేతిలో పట్టే జీపీఎస్ పెట్టె కొన్నాడు. అది ఆకాశం వైపు చూసి నువ్వు ఎక్కడున్నావో చెబుతుంది. బొత్తం నొక్కితే ఆ చోటు గుర్తు పెట్టుకుంటుంది. 2006 మే ఇరవై రెండున, మిగిలిన గుర్తులతో తంటాలు పడి చోటు పట్టుకుని, బొత్తం నొక్కాడు. "దీనికి కళ్ళున్నాయి, నోరు నేదు" అని దాన్ని మెచ్చుకుని, చేపల చోట్లు కూడా ఒక్కొక్కటే అందులో ఎక్కించాడు.

అప్పటి నుంచి ఏటా మే ఇరవై రెండున ఒక్కడే వెళ్ళేవాడు. వల ఉండదు, గాలం ఉండదు. కొబ్బరికాయ కొట్టి, అన్నం ముద్ద నీళ్ళలో వదిలి, పెట్టె బొత్తం ఒకసారి నొక్కేవాడు. నిజానికి నొక్కాల్సిన పని లేదు, చోటు ముందే అందులో ఉంది. కానీ కొడుకుని మట్టిలో పెట్టినవాడు ఆ మట్టి మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుంటాడు. నీళ్ళ మీద చెయ్యి వేస్తే ఏమానుతుంది? అందుకని బొత్తం నొక్కేవాడు. లాక్‌డౌన్ ఏడాది ఒక్కటీ తప్పింది. అలా ఒకదాని మీద ఒకటి పదిహేను గుర్తులు పడ్డాయి. ప్రతి గుర్తు పక్కనా పెట్టె తనంతట తానే తేదీ రాసుకుంటుందని ఆయనకు తెలియదు.

కిందటేడు పోయి కొత్త ఏడు వచ్చింది, 2022. పెట్టె చేతిలోంచి జారి అద్దం పగిలింది. షాదీపూర్‌లో మేనల్లుడు గణేశ్వరరావుకి మొబైల్ కొట్టు ఉంది. మంచివాడే. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవమంటే మాత్రం తడుముకుంటాడు.

"డబ్బా ఎందుకు మావా ఇంక? ఫోన్లోనే సబ్ కుఛ్ వచ్చేస్తాది. జాలరోళ్ళ కోసం యాప్ ఉంది. నీ పాయింట్లన్నీ దాంట్లో ఎక్కించేస్తాను."

"ఎవులికీ కనపడవు గదా?"

"నీ ఫోను నీ జేబులోనే కదా మావా ఉంటాది!"

ఆ జవాబు తాతబ్బాయికి నచ్చింది. జేబులో ఉన్నది తనది అని ఆయన లెక్క. గణేశ్వరరావు కొత్త ఫోనులో యాప్ పెట్టాడు. అది పుటల కొద్దీ ఏదో రాసి చూపించి, ఒప్పుకుంటావా అని అడిగింది. అడిగినప్పుడల్లా వాడు బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు.

"సదవకుండా ఏటి నొక్కుతున్నావురా?"

"అరే, ఎవడు చదువుతాడు మావా ఇవన్నీ? అలౌ అనకపోతే ముందుకెళ్ళదు."

చోట్లన్నీ ఎక్కాయి. ఒక్కోదానికీ అక్కడ పడే చేప పేరు తాతబ్బాయి చెబుతుంటే వాడు రాశాడు. చివర్లో ఒకే చోట పదిహేను చుక్కలు కుప్పగా కనిపించాయి. "ఇదేటి మావా?" అన్నాడు. "అదా... ఉండనీ. పేరొద్దు" అన్నాడు తాతబ్బాయి.

ఫోను ఇంటికొచ్చినందుకు సంబరపడింది కామమ్మే. సముద్రంలో కేబుల్ పడ్డాక నెట్ పరుగెడుతోంది. జోగులు ఫొటోని ఫేస్‌బుక్‌లో గణేశ్వరరావు చేత ఎప్పుడో పెట్టించింది. "దాసుకోడానికేటుంది మనకాడ? ఎంతమంది సూస్తే అంత మంచిది. నా గుంటణ్ణి ఎప్పటికైనా దొరకబెట్టేది ఈ ఫోనే" అనేది. తాతబ్బాయి "ఊఁ" అనేవాడు.

రెండు వారాలు తిరక్కుండానే ఆయన సుర్మై చేపలు పట్టే చోట మూడు పడవలు కనిపించాయి. కాకతాళీయం అనుకున్నాడు. మర్నాడు ఇంకో చోట ఇంకో నాలుగు. తండ్రి చెవిలో చెప్పిన చోట్ల మీద ఎవడెవడో దర్జాగా లంగరు వేసుకుని, "క్యా భయ్యా, ఆలస్యంగా వచ్చావే" అని పలకరించాడు. తాతబ్బాయి తిన్నగా షాదీపూర్ వెళ్ళాడు. గణేశ్వరరావు ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. వాడి ముఖం మాడిపోయింది.

"గల్తీ అయిపోనాది మావా. షేరింగ్ ఆన్‌లో ఉండిపోయింది. ఈ యాప్ ఉన్నోళ్ళందరికీ నీ పాయింట్లు కనపడిపోతున్నాయి. ఆపేశాను, మాఫ్ చెయ్యి."

"సూసేసినోళ్ళ కాణ్ణించి ఎనక్కి తీసీగలవా?"

"అది... కుదర్దు మావా."

చేపల చోట్లు పోతే పోయాయి. తాతబ్బాయికి వాటి మీద ధ్యాసే లేదు. పేరు లేని ఆ పదిహేను చుక్కల్నే తలచుకుంటూ బస్సు కూడా ఎక్కకుండా నడిచాడు. అక్కడేముందని ఎవరో వచ్చి కామమ్మ ముందు అడిగేలోగా తనే చెప్పెయ్యాలి. ఈ రోజే, ఇంట్లో అడుగు పెట్టగానే. ఎలా మొదలుపెట్టాలో దారి పొడవునా పెదవుల మీద కూడబలుక్కున్నాడు. డాలీగంజ్ మలుపు తిరిగేసరికి మాట కుదిరింది కూడా.

ఇంటి వరండాలో నూకన్న తన ఫోను చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కామమ్మ చిరిగిన వల ఒళ్ళో వేసుకుని బాగుచేస్తోంది.

"రా బావా, రా! దొంగ దొరికిపోనాడు" అని నూకన్న పకపకా నవ్వాడు. "ఓలప్పా, నీ మొగుడు మామూలోడు కాదు. ఫోన్లో అన్ని సోట్లకీ సేప పేరెట్టి, ఒక్కదానికి మాత్రం పేరెట్టనేదు. పదిహేనుసార్లు ఎల్లినాడు దానికాడికి. ఏ బంగారం దాసినాడో అనుకుని నాలుగు పడవలోళ్ళం మూడ్రోజులు గాలాలేసినాం. ఒక్క సేప నేదు. రాళ్ళకి తగిలి హుక్కులన్నీ పోనాయి. ఏటుంది బావా అక్కడ?"

"నూకా, ఊరుకో."

"ఊరుకోడమేటి? ఇంకో సిత్రం సూడప్పా. ఏటా ఒక్క రోజే ఎల్తాడు. సూడు ఇక్కడ, మే ఇరవై రెండు. ఇదీ మే ఇరవై రెండు. ఇదీ మే..."

కామమ్మకు చదువు రాదు. ఆ తేదీకి చదువు అక్కర్లేదు. వల సూది ఆమె చేతిలో ఆగిపోయింది. మూడోసారి అంటుండగా నూకన్నకు కూడా తట్టింది. నవ్విన నోరు అలాగే ఉండిపోయింది. ఫోను జేబులో పెట్టుకుని, చెప్పులు కూడా మరిచిపోయి, గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఎప్పటికైనా దొరకబెట్టేది ఫోనే అని కామమ్మ అనేది. దొరకబెట్టింది.

"ఆడక్కడున్నాడా?" అంది.

తాతబ్బాయి తల ఊపాడు.

"నీ కళ్ళతో సూసినావా?"

"సొక్కా అందుకున్నాను కామీ. సిరిగిపోనాది."

"పదకొండు తేపలూ నాతో జెట్టీకి వచ్చినావు."

"వచ్చినాను."

తిడుతుందేమో అని చూశాడు. తిట్టినా, మీదపడి కొట్టినా బాగుండేది. ఆమె ఏడవలేదు. వల పక్కన పెట్టి, "ఎంత లోతు?" అంది. పుట్టినప్పటి నుంచి తాళ్ళూ వలలూ చూసిన మనిషి.

"ముప్పై బారలు."

కామమ్మ లేచి ఇంటి వెనక్కి వెళ్ళి లంగరు తాడు చుట్ట ఈడ్చుకొచ్చింది. దాని కొస తాతబ్బాయి చేతిలో పెట్టి, "పట్టుకో" అంది. రెండు చేతులూ బార్లా చాపి, తాడుని రొమ్ము మీదుగా లాగి కొలవడం మొదలుపెట్టింది. చేప లెక్కపెట్టినా తాడు కొలిచినా జాలరి ఇంట ఒకటి అనరు, లాభం అని మొదలుపెట్టి రెండుకి వెళతారు. కామమ్మ ఒకటి అనే అంది. రెండు, మూడు అంటూ మెట్లు దిగింది. ఎనిమిదికి గేటు దాటింది. అరవై ఆరేళ్ళ మనిషి, చేతులు చాపినప్పుడల్లా భుజాలు వణుకుతున్నాయి. పక్కింటి వాళ్ళు బయటికొచ్చి, అడగబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయారు. ఇరవైకి సందు పల్లంలో మామిడి చెట్టు దాటింది. తాతబ్బాయి తన కొస వదలకుండా వరండాలోనే నిలబడి చూస్తున్నాడు. కొడుకున్న నీళ్ళ మీద పద్దెనిమిదేళ్ళు తిరిగాడు గానీ ఆ లోతు నేల మీద ఎంత ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు.

సందు చివర, వీధి కొళాయి దగ్గర ముప్పై పూర్తయింది. కామమ్మ ఆగి, వెనక్కి తిరిగి, తన చేతిలోని కొస నుంచి మొగుడి చేతిలోని కొస దాకా తాడు పొడుగునా చూసింది. గొంతు పెంచలేదు. సందులో ఎవరూ కదలకపోవడంతో ఆ మాట ఇంటిదాకా వినిపించింది.

"ఇంతేనేటి? ఈ మాత్రం దూరంలో గుంటడుంటే, నన్ను ఇన్నేళ్ళూ బర్మాలో ఎతికించినావా?"