కళ్ళద్దాలు తుడిస్తే నడిచిన మిషను

ఆ రోజుల్లో ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా, దాన్ని బాగుచేయడానికి ముందు నేరం ఎవరిదో తేల్చడం ఆచారంగా ఉండేది. ఫ్యాను తిరగకపోతే చివరిసారి స్విచ్చి ముట్టుకున్నవారిది, పాలు విరిగితే వంటింట్లోకి తొంగిచూసినవారిది, కుట్టుమిషను దారం చిక్కుపెడితే దాని ముందు కూర్చున్నవారిది. ఇప్పటివారు మరికాస్త నాగరికులు. నేరాన్ని మనుషుల మీద కాకుండా, కిందిదారం చుట్టుకుని ఉండే బాబిన్ మీద మోపుతారు. మొన్న సికింద్రాబాద్ కార్ఖానాలోని మా అపార్ట్‌మెంటులో కింది అంతస్తు అమ్మాయి కరెంటు మిషను కొనుక్కుంది. గుడ్డ అడుగున దారం పిచ్చుకగూడులా ముద్దకడుతుంటే, ఫోనులో ఎవరో చెప్పారని బాబిన్ మార్చింది, మళ్ళీ మార్చింది, చివరకు మిషన్నే వాపసు పంపేస్తానని నా దగ్గరికి వచ్చి వాపోయింది. ఆ నిరపరాధి బాబిన్ పక్షాన నాకు కలిగిన ఆగ్రహం ఇంతా అంతా కాదు. ముద్ద కిందివైపు కనిపించినంత మాత్రాన తప్పు కిందిదారానిది కాదు, చాలాసార్లు పైదారానిదే (అని ఒక కాగితం మీద వివరంగా రాసి ఇచ్చాను, ఆమె దాన్ని ఫోటో తీసుకుని కాగితం నాకే తిరిగి ఇచ్చింది). ఇంతటి జ్ఞానం నాకెలా అబ్బిందో చెప్పాలంటే, మా బేగంపేట మేనత్త కళ్ళద్దాల దగ్గర మొదలుపెట్టాలి.

నేను పదో తరగతి చదివేనాటికి మా ఇంట్లో కాళ్ళతో తొక్కే నల్లటి మిషను ఉండేది. అది నాయనమ్మది. చూపు మందగించి ఆమె కుట్టడం మానేసింది గాని, దాని మీద అధికారం చెలాయించడం మానలేదు. గుడ్డను నొక్కిపట్టే చిన్న ఇనుపపాదాన్ని మేము ‘కాలు’ అనేవాళ్ళం. తాను కుట్టిన కాలంలో నాయనమ్మ పని ముగియగానే మరునాటికి దారం ఎక్కించి, కాలి కింద ఎర్రటి ఫ్లానెల్ గుడ్డముక్క పరిచి, కాలు దించి, పసిబిడ్డను జోకొట్టినట్టు మిషన్ను ఒక్కసారి తట్టి మూత వేసేదట. దారం మాట తర్వాతివారికి అప్పగించినా, ఈ పండబెట్టే కార్యక్రమం మాత్రం ఆమె స్వయంగా జరిపేది. ఆపైన, కుట్టవలసిన గుడ్డ చేతిలో సిద్ధంగా లేనిదే ఎవరూ ఆ కాలు ఎత్తకూడదు. “నిన్ను ఊకెనే ఒంటికాలి మీద నిలబెడితే నీకెట్లుంటది? దానికి సుత గట్లనే” అనేది. మా అమ్మ ఎదురాడే మనిషి కాదు. కాలు దించి ఉండగానే దారం ఎక్కించి, గుడ్డ తెచ్చి, అప్పుడే కాలు ఎత్తేది.

ఆ ఏడాది క్రిస్మసుకు మా చర్చి గాయకబృందానికి తెల్లగౌన్లు, వాటికి ఎర్రకాలర్లు కుట్టే పని పాస్టరమ్మగారు అమ్మకు అప్పగించారు. ఇంటి బయటివారు అమ్మ పేరు తలచుకుని ఒక పని అడగడం అదే మొదలు. ఆమె ఆ తెల్లగుడ్డను బీరువాలో పెట్టి, రోజూ ఏదో ఒక వంకతో బీరువా తెరిచేది. కాని గౌనుకు తెల్లదారం, కాలరుకు ఎర్రదారం కావాలి గనక రీళ్ళు మాటిమాటికీ మార్చవలసి వచ్చింది. మార్చినప్పుడల్లా, అదృష్టం బాగుంటే కుట్టు సాగేది. లేకుంటే నాలుగు కుట్లకే కింద ముద్దకట్టి, గుడ్డ కిందిపళ్ళలో ఇరుక్కుని, మిషను కట్టెలా బిగిసిపోయేది. అమ్మ కత్తెర మొనతో ఆ ముద్దను పీకుతుంటే నాయనమ్మ మంచం మీద నుంచే తీర్పు చెప్పింది. గౌన్లు ఇట్లా తెమలకపోతే గుడ్డను బజారులో దర్జీకి ఇచ్చేయాలనీ, మిషను బేగంపేటకు పోతుందనీ. మా మేనత్తకు కుట్టే చెయ్యి పుట్టుకతో వచ్చిందని ఆమె నమ్మకం.

అమ్మను ఈ అవమానం నుంచి తప్పించవలసిన బాధ్యత నా మీద ఉందని నేనే నిర్ణయించుకున్నాను. (తరువాతి జీవితమంతా ఒక ఆఫీసు రికార్డుల విభాగంలో గడిపినదాన్ని; ఆ జబ్బు అప్పటికే ముదిరింది.) చిక్కు పడిన ప్రతిసారీ వారం, వేళ, దారం రంగు, ఆకాశ పరిస్థితి, గదిలో ఎవరెవరున్నారు అన్నీ గడులు గీసి రాశాను. గడులన్నీ కూడి చూస్తే ఒక సత్యం మెరిసింది. బేగంపేట అత్త వచ్చిన రోజున చిక్కులు ఎక్కువ. సత్యాన్ని దాచడం నా స్వభావం కాదు కనుక, ఒక ఆదివారం ఆరాధన తరువాత అందరం భోజనాలు ముగించి కూర్చున్నప్పుడు, అత్త ఎదుటనే నిలబడి చదివి వినిపించాను. నాన్న దగ్గుతూ వరండాలోకి నడిచాడు.

“అంటే నా కన్ను తగిలి దారం చిక్కుపడుతున్నదా?” అని అత్త చాలా నెమ్మదిగా అడిగింది.

“నేనట్ల అంటలేనత్తా. లెక్క అంటున్నది.”

అత్త లేచింది. ఆమె ఆవేశంతో లేచినప్పుడల్లా కళ్ళద్దాలకు ఆవిరి పట్టేది. మిషను ముందు కూర్చుని, రుమాలు కోసం వెతికి, దొరక్క, మిషను కాలు ఎత్తి కిందున్న ఫ్లానెల్ ముక్కను లాగి, నా పెంపకాన్ని గురించి అమ్మకు బోధిస్తూ అద్దాలు రెండూ తీరిగ్గా తుడుచుకుంది. కాలు ఎత్తి ఉంచిందని నాయనమ్మ గోల చేస్తుంటే, “జెర ఆగమ్మా” అని, తెల్లదారం ఎక్కించి, గుడ్డ పెట్టి, తొక్కింది. కుట్టు సికింద్రాబాద్ స్టేషను పట్టాల్లాగా తిన్నగా సాగిపోయింది. నాయనమ్మ, “గదీ చెయ్యంటే. రేపే బండి మాట్లాడు, తీసుకపో” అంది. అమ్మ కుట్టని గౌన్లను మడతపెట్టసాగింది. ముద్దాయికే మిషన్ను అప్పగించిన ఘనత నాది.

ఇక నాకు మిగిలింది ఒక్క మార్గమే. ఆ గొప్ప చెయ్యి ఎట్లా పనిచేస్తుందో రాసుకుంటాను, ఎర్రదారంతో మరొక్కసారి చేసి చూపించమని అత్తను బతిమాలాను. పొగడ్తకు ఆమె కరిగింది. ఈలోగా నాయనమ్మ అలవాటు కొద్దీ కాలి కింద ఫ్లానెల్ పరిచి కాలు దించేసింది. అత్త దారం ఎక్కించి తొక్కగానే, నాలుగు కుట్లకే ముద్ద. పుట్టుకతో వచ్చిన చెయ్యి గాలిలో ఆగిపోయింది. సరిగా కనిపించలేదేమోనని మళ్ళీ కాలు ఎత్తి, ఫ్లానెల్ లాగి, అద్దాలు తుడుచుకుని, దారం కొత్తగా ఎక్కించింది. కుట్టు చక్కగా పడింది. నేను ఉత్సాహంతో రాసిన సిద్ధాంతం ఇది: దారం ఎక్కించే ముందు కళ్ళద్దాలు తుడవవలెను.

నవ్వకండి, పరీక్షించే నమ్మాం. అమ్మకు అద్దాలు లేవు కనుక అత్తవి అడిగి అదే ఫ్లానెల్‌తో తుడిచి దారం ఎక్కించింది, కుట్టు పడింది. నాన్నవి తుడిచింది, పడింది. ఎవరి అద్దాలయినా మిషనుకు అభ్యంతరం లేదని రుజువయ్యాక, బండి మాట వాయిదా పడింది. ఆ తరువాత రీలు మార్చినప్పుడల్లా నేను వెళ్ళి నాన్న ముఖం మీది అద్దాలు తీసుకొచ్చేదాన్ని. ఆయన పేపరును అట్లాగే పట్టుకుని, కుట్టు ముగిసేదాకా మసకలో ఎదురుచూసేవాడు. “ఎర్రదా, తెల్లదా?” అని మాత్రం అడిగేవాడు. తెల్లదైతే పొడుగు కుట్టు, ఆలస్యమవుతుందని ఆయన లెక్క.

చివరికి గౌన్లు ఇవ్వవలసిన రోజు దగ్గరపడింది. నాన్న అద్దాలతో సహా ఆఫీసుకు వెళ్ళిపోయాడు, కాలర్లు మిగిలాయి. అమ్మ కాలు ఎత్తి ఫ్లానెల్ తీసి చేతిలో పట్టుకుని, తుడవడానికేమీ లేక దాన్నే చూస్తూ కూర్చుంది. తరువాత కాలును దించింది, ఎత్తింది, మళ్ళీ దించింది. నన్ను దగ్గరికి పిలిచి, దారం దూరే రెండు గుండ్రటి రేకులను వేలితో చూపించింది. కాలు ఎత్తితే అవి వదులై దారం మధ్యలోకి దిగుతోంది. దించితే బిగుసుకుని, దారం పైపైనే తేలుతోంది. పట్టులేని ఆ పైదారమే గుడ్డ కింద పోగవుతోంది.

“అద్దాలు కాదే. ఈ బట్ట తీసెటప్పుడు కాలు లేస్తున్నది” అంది.

నిజం తెలిసింది గాని, దాన్ని నాయనమ్మకు ఎవరు చెప్పాలి? నేనైతే గడులు గీసి చెప్పేదాన్ని. అమ్మ ఆ ముసలామె మంచం అంచున కూర్చుని అడిగింది. “అత్తమ్మా, మనమెవరన్న పండుకోని నీళ్ళు తాగుతమా? దారం తాగెటప్పుడు దాన్ని సుత లేపి కూసోబెట్టాలె గద.”

“నేను తాగిచ్చినంకనే పండబెట్టేదాన్ని. మీకు గా మాట చెప్పలే” అని, నాయనమ్మ తానే లేచి వచ్చి, కాలు ఎత్తి, ఫ్లానెల్ ముక్కను అమ్మ చేతిలో పెట్టింది. మిషను ఎక్కడికి పోవాలన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. క్రిస్మసు ఆరాధనలో ఎర్రకాలర్లన్నీ ఒక్కసారి లేచి నిలబడి పాడినప్పుడు ముందు వరుసలో అత్త అద్దాలు తీసి తుడుచుకోవడం చూశాను. (నా రికార్డు తప్పు కాదని ఇప్పటికీ మనవి చేస్తున్నాను. కూతురు వచ్చిందంటే నాయనమ్మ మిషన్ను మరీ శ్రద్ధగా, గంటకోసారి పండబెట్టేది. గడులు సరైనవే, కూడిక ఒక్కటే తొందరపడింది.)

ఇప్పుడు ఆ మిషను నా దగ్గరుంది, వాళ్ళెవరూ లేరు. మొన్న కింది అంతస్తు అమ్మాయికి కాగితం చాలదని గ్రహించి, పైకి పిలిచి చేసి చూపించాను. కాలు ఎత్తాను, ఫ్లానెల్ తీశాను, నా కళ్ళద్దాలు తుడుచుకున్నాను, దారం ఎక్కించాను. తరువాత ఆమె మిషను దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆమె కాలు ఎత్తింది. దారం చేతిలోకి తీసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, తన అద్దాలు తీసి చున్నీ అంచుతో శ్రద్ధగా తుడుచుకుని, అప్పుడు దారం ఎక్కించింది. కుట్టు తిన్నగా సాగింది.

బతుకంతా ఇతరుల తప్పులు దిద్దుతూ వచ్చినదాన్ని, ఆ ఒక్కటి మాత్రం దిద్దలేదు.