కుచ్చుల గొడుగు

మా స్కూల్లో డిసెంబరు రాగానే టీచర్ల పేర్లు చీటీల మీద రాసి ఒక స్టీలు డబ్బాలో వేస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లు మనకు క్రిస్మస్ ఫ్రెండ్. ఆ పేరు బయటపెట్టకుండా, పండక్కి ముందు బడిలో చేసే సెమీ క్రిస్మస్ దాకా రోజూ వాళ్ల కోసం ప్రార్థన చేయాలి. ఆ రోజు అందరి ముందూ నిలబడి, ఏమని ప్రార్థించామో చెప్పి బహుమతి ఇవ్వాలి. చీటీలు మార్చుకోకూడదు. నేను మార్చుకున్నాను.

నాకు వచ్చింది హెడ్మిస్ట్రెస్ గారి పేరు. హిందీ టీచరు కడుపులో ఏ రహస్యమూ నిలవదు కాబట్టి, ఆమెకు పీఈటీ సార్ వచ్చాడని గంటలో తెలిసిపోయింది. మధ్యాహ్నం నా చేపల పులుసు గిన్నె మొత్తం ఆమె ముందుకు తోసి ఆ చీటీ తీసుకున్నాను.

దాని వెనక ఏడాది కథ ఉంది. అంతకుముందు డిసెంబరులో నెల్లూరులో పది కిలోమీటర్ల పరుగు పెట్టారు. నలభై దాటాక మొదలుపెట్టిన పరుగు నాది, అదే నా మొదటి రేసు. ఆరో కిలోమీటరు దగ్గర వాన దంచికొట్టింది. షూలో నీళ్లు, కళ్లలో నీళ్లు, ముందు ఏముందో కనపడలేదు. నేను పెట్రోలు బంకు రేకుల కిందికి పోయి నిలబడి, మా ఆయనకు ఫోన్ చేశాను. అదే రేసులో ఉన్న పీఈటీ సార్ నన్ను చూసి చెయ్యి ఊపుకుంటూ పరిగెత్తుకుపోయాడు.

ఆ ఏడు ఆయనకు క్రిస్మస్ ఫ్రెండ్‌ని నేనే. సెమీ క్రిస్మస్ రోజు రంగు కాగితం విప్పితే గులాబీరంగు గొడుగు, అంచుకు కుచ్చులు. "టీచరమ్మకు పనికొచ్చేది ఏదో చూపించు ప్రభువా అని రోజూ ప్రార్థన చేసినా. ఇది చూపించినాడు," అన్నాడు. స్టాఫ్ అంతా నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, అదే ఇప్పటికీ మండుతుంది. జనవరికల్లా పిల్లల దగ్గర నా పేరు గొడుగు టీచర్. నేను లెక్కలు చెప్పడానికి క్లాసులోకి పోతుంటే వెనక బెంచీలో ఎవరో టప్పున గొడుగు విప్పిన చప్పుడు నోటితో చేసేవాళ్లు.

ఆ గొడుగును వంటింట్లో మేకుకు తగిలించాను. ఒక్కసారి కూడా విప్పలేదు. బడికి తడుస్తూ పోయాను గానీ విప్పలేదు.

నేను ఎండలో ఓడిపోలేదు, వానలో ఓడిపోయాను. అందుకని మరుసటి ఏడు వానల కోసం కాచుకుని కూర్చున్నాను. బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెబితే మా మనుబోలులో రైతులు తలలు పట్టుకునేవారు, నేను షూ లేసులు చూసుకునేదాన్ని. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం అదే.

ముసురు పట్టిందంటే వారం వదలదు. తెల్లవారుజామున హైవే పక్క సర్వీసు రోడ్డు మీద పరిగెత్తేదాన్ని. లారీలు పోతూ పోతూ బురదనీళ్లతో నెత్తిన స్నానం చేయించేవి. నీళ్లు నిలిచిన చోట గుంత ఉండేది, గుంత లేని చోట గేదె ఉండేది. ఒరుసుకుపోకుండా తొడలకు, కాలివేళ్ల సందుల్లో కొబ్బరినూనె పూసుకునేదాన్ని. షూలో పాత పేపర్లు కుక్కి ఫ్రిజ్ వెనక ఆరబెడితే ఇల్లంతా కుళ్లిన చేపల వాసన. మా ఆయన ముక్కు మూసుకుని, "ఆ సారు మీద కోపం నా మీద చూపిస్తా ఉండావు," అన్నాడు. "నీమీద చూపిస్తే నువ్వింత కులాసాగా ఉండవులే," అన్నాను.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండించాలనే నా పంతం. ఆయన్ని దాటాలి, దాటేటప్పుడు ఆయన నా ముఖం చూడాలి. నాకు కావలసింది అంతే. పగ తీర్చుకోవడం దేవుడి పని, మనది కాదని పాస్టరుగారు ఏటా చెబుతారు. డిసెంబరులో దేవుడికి చాలా పనులుంటాయి.

చీటీ అయితే మార్చుకున్నాను గానీ ప్రార్థన సంగతి మరిచిపోయాను. చేయకుండా చేశానని చెప్పే ధైర్యం నాకు లేదు. మొదటి రోజు మోకాళ్ల మీద కూర్చుంటే ఆయన కోసం ఒక్క మంచి మాట కూడా రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మెట్లు దిగేటప్పుడు ఆయన ఈమధ్య గోడ పట్టుకుంటున్నాడు. "ప్రభువా, ఆయన కుడి మోకాలు బాగుచెయ్యి. జ్వరం రానివ్వకు. కుంటివాణ్ణి ఓడిస్తే నాకేమొస్తుంది?" అన్నాను. రోజూ అదే ప్రార్థన. అంత మనస్ఫూర్తిగా నా పిల్లల పరీక్షలకు కూడా ప్రార్థించలేదు.

రేసు రోజు వాన నేననుకున్నట్టే వచ్చింది. అందరికీ ఒకే పసుపు టీషర్టు. నేను టోపీ కళ్లదాకా దించుకుని ఆయన వెనకే పరిగెత్తాను. మోకాలు బాగానే ఉంది, చక్కగా పోతున్నాడు. పెట్రోలు బంకు కనిపించింది. ఇక్కడే అనుకుని ఊపు పెంచాను. పక్కకు రాగానే, "గొడుగు కావాలా సార్?" అనాలి. ఏడాది పొడుగునా సాధన చేసిన మాట. నోరు తెరిస్తే ఊపిరి తప్ప మాట రాలేదు. ఆయన కళ్లద్దాల నిండా వాన. "పో తల్లీ, పో," అని దారిచ్చాడు.

నేను పోయి గీత దాటి అక్కడే నిలబడ్డాను. నాలుగు నిమిషాలకు ఆయన వచ్చాడు. అద్దాలు తుడుచుకుంటూ నా ముఖం చూడకుండానే నా పక్క నుంచి టీ క్యాను దగ్గరికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది.

సెమీ క్రిస్మస్ రోజు నా వంతు వచ్చేసరికి లేచి నిలబడ్డాను. "పీఈటీ సార్‌కి మోకాలు తగ్గాలని రోజూ ప్రార్థన చేశాను," అన్నాను. ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఆ నొప్పి నేను ఇంట్లో కూడా చెప్పలేదమ్మా. నిజంగానే తగ్గింది. మొన్న రేసులో ఒక్క హాస్టల్ పాప తప్ప మన పక్క వాళ్లెవరూ నన్ను దాటలా."

పొట్లం చేతికిచ్చాను. కాగితం విప్పి, ముందటేడు తనిచ్చిన గొడుగునే చూశాడు. "బాగుంది. మా మనవరాలికి ఇస్తాను," అన్నాడు. ఆయనకు గుర్తే లేదు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎంత మంచిదో అన్నట్టు హెడ్మిస్ట్రెస్ నా వీపు నిమిరింది. నా కడుపు మండిపోయింది.

"ఆ పాపను నేనే సార్," అన్నాను. "పెట్రోలు బంకు దగ్గర."

ఆయన నవ్వబోయి ఆగాడు. నా ముఖం చూశాడు, చేతిలోని కుచ్చులు చూశాడు, మళ్లీ నా ముఖం చూశాడు. హిందీ టీచరు కిసుక్కుమంది. తర్వాత హాలంతా నవ్వింది. కాసేపటికి ఆయనా నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, ముందటేడు నేను నవ్వింది అదే.

సాయంత్రం బడి వదిలేసరికి మళ్లీ వాన. వరండాలో నిలబడి చూశాను. ఆయన గొడుగు చంకలో పెట్టుకుని, విప్పకుండా, తడుస్తూ స్కూటర్ దాకా నడిచాడు. నాకు కడుపు నిండింది.