పీతలు కొరికిన వల

నా చిన్నప్పుడు మా ఇంట్లో వలని తొక్కితే వీపు విమానం మోత మోగేది. మాది బందరు పక్కన గిలకలదిండి. ఇప్పుడున్నన్ని మరబోట్లు అప్పుడు లేవు. తెరచాప నావలూ, ఇసుకలో ఆరేసిన వలలూ, ఎండుచేపల వాసనా, అంతే మా లోకం. అన్నం పెట్టే వలని తొక్కకూడదు, దాటకూడదు, చెప్పులతో దాని దరిదాపులకి వెళ్ళకూడదు. ఈ నియమాలన్నీ మా నాయనమ్మవే. అలాంటి నాయనమ్మ ఒక మధ్యాహ్నం చాకు పట్టుకుని మా సొంత వలని చేతులారా కోస్తుంటే నేను కళ్ళారా చూశాను.

అది చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి. నాన్నది పెద్ద నోరు. నావ ఇంకా ఏట్లో ఉండగానే ఆయన కేకలు ఒడ్డుకి వినపడేవి, అమ్మ ఆ కేకలు విని పొయ్యి మీద ఎసరు పెట్టేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయనా, ఆయన చిన్ననాటి స్నేహితుడూ కలిసి వేటకి వెళ్ళారు. ఆ స్నేహితుణ్ణి మేం మావయ్యా అని పిలిచేవాళ్ళం. గాలి లేచి నావ తిరగబడింది. నాన్న ఒక చెక్క పట్టుకుని మంగినపూడి దగ్గర ఒడ్డుకి చేరాడు. మావయ్య చేరలేదు.

ఆ రోజు నుంచి నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ కంచం పెడితే రెండు ముద్దలు కెలికి లేచేవాడు. నిద్ర లేదు. పిలిస్తే "ఊఁ" అనేవాడు, అంతకుమించి మాట లేదు. దడుసుకున్నాడని కొందరన్నారు, గాలి సోకిందని కొందరన్నారు. తాయెత్తు కట్టించాం, దిష్టి తీశాం. సముద్రం మీద దడుసుకున్న వాణ్ణి మళ్ళీ సముద్రం మీదికే ఎక్కించాలని మావాళ్ళకి ఒక మొండి నమ్మకం ఉండేది. ఒక పొద్దున్న నలుగురు వచ్చి నాన్నని దాదాపు మోసుకెళ్ళి నావలో కూర్చోబెట్టారు. ఏరు సముద్రంలో కలిసే మొగ ఇంకా రాకుండానే ఆయనకి ఒళ్ళంతా చెమటలు, వణుకు. నావ అంచుని పట్టుకున్న చేతులు విడదీయడానికి ఇద్దరు కావలసి వచ్చిందట. వెనక్కి తెచ్చి పడుకోబెట్టారు. వాళ్ళదీ చెడ్డ మనసు కాదు, పాపం తెలియక చేశారు. కానీ ఆ తర్వాత ఆ "ఊఁ" కూడా పోయింది.

బడిలో ఒక పిల్ల మీ నాన్న పిరికోడట కదే అంది. దాని జుట్టు పట్టుకుని వంగదీసి కొట్టి ఇంటికొచ్చాను. వచ్చి చూస్తే ఆయన అలాగే, గోడ వైపే. ఇక మా నాన్న లేవడనుకున్నాను. ఏడుపు వచ్చింది గానీ ఏడిస్తే ఆయనకి వినపడుతుందని గుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

మా నాయనమ్మ గంప నెత్తిన పెట్టుకుని బందరులో వీధి వీధీ తిరిగి చేపలమ్మేది. ఆవిడ వాడుకగా చేపలు వేసే ఇళ్ళలో ఒక డాక్టరుగారి ఇల్లు ఉంది. ఎవరు ఎన్నన్నా వినకుండా నాన్నని రిక్షాలో అక్కడికి తీసుకెళ్ళింది. నేనూ వెంటపడ్డాను. డాక్టరుగారు చాలాసేపు చూసి, "ఇది పిరికితనం కాదమ్మా, జబ్బే. తగ్గుతుంది. బలవంతం మాత్రం చెయ్యకండి" అన్నారు. నిద్రకి మాత్రలిచ్చారు. వేళకి తినాలనీ, పొద్దుటెండ ఒంటికి తగలాలనీ, కాస్త నడవాలనీ, చేతికి ఏదైనా పని ఉండాలనీ, ఒంటరిగా వదలొద్దనీ, పది రోజులకి మళ్ళీ తీసుకురమ్మనీ చెప్పారు. మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. రిక్షాలో ఇంటికొచ్చేదాకా ఆ మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది.

మాత్రలతో కాస్త నిద్ర పట్టింది గానీ మనిషి చాప మీంచి లేవలేదు. సముద్రంలో పోయిన వల కాక ఇంట్లో రెండో వల ఒకటి ఉండేది, దాన్ని మా బాబాయి రోజూ ఏట్లో వేటకి తీసుకెళ్ళేవాడు. ఒక ఉదయం నాయనమ్మ ఆ వలని ఈడ్చుకొచ్చి గుమ్మంలో పడేసింది.

"ఒరేయ్, ముదనష్టపు పీతలు వలంతా కొరికేశాయి. నాకా కళ్ళు కనపడి చావవు. ఓ నాలుగు ముళ్ళు వెయ్యరా నాయనా."

నాన్న తల తిప్పలేదు. మర్నాడు మళ్ళీ అదే పాట. మూడో రోజు ఏమనుకున్నాడో, లేచి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. వెదురు సూది అందుకున్నాడు. అక్కడ నీడ లేదు, ఎండ సూటిగా వీపు మీద పడేది. నాయనమ్మ తన చద్దన్నం గిన్నె తెచ్చుకుని పక్కనే కూర్చుని, ఇంకో గిన్నె మధ్యలో పెట్టింది. తినమని ఒక్క మాట అనలేదు. తను మాత్రం ఉల్లిపాయ కొరుక్కుంటూ కరకరమని తింటూ కూర్చుంది. కాసేపటికి నాన్న చెయ్యి రెండో గిన్నెలోకి వెళ్ళింది. అమ్మ తలుపు చాటు నుంచి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఇరుగు పొరుగు వాళ్ళు ఇద్దరు ముగ్గురు తమ వలలు కూడా మా వాకిట్లోకే తెచ్చుకున్నారు. నాయనమ్మే పిలిచి ఉంటుంది. వాళ్ళు చేపల గురించీ గాలి గురించీ మాట్లాడుకుంటుంటే నాన్న వినేవాడు. "ఊఁ" తిరిగి వచ్చింది. సాయంత్రం పూట ఏటిగట్టు దాకా నడిచి వెళ్ళి కూర్చునేవాడు. కానీ మావయ్య పేరు ఎత్తేవాడు కాదు, ఇంకొకరు ఎత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు.

వల మాత్రం రోజూ చిరుగుతూనే ఉంది. ఊళ్ళో ఎవరి వలకీ లేని తెగులు మా వలకేమిటో! పీతలన్నీ మా మీద పగబట్టాయనుకునేదాన్ని. ఒకరోజు ఒంట్లో బాగాలేక మధ్యాహ్నమే బడి నుంచి వచ్చేశాను. ఇంటి వెనక నాయనమ్మ వలని ముక్కుకి ఆనించుకుని, ఒక్కో పోగూ తడుముతూ, చాకుతో కోస్తోంది. నా ఒళ్ళు మండిపోయింది. వలని దాటితేనే వీపు పగలగొట్టే మనిషి! సాయంత్రం దాకా కడుపులో పెట్టుకుని, ఏటిగట్టు మీద నాన్న దగ్గరికి పరిగెత్తి చెప్పేశాను. "నాన్నా, పీతలూ కాదు పాడూ కాదు, వలని నాయనమ్మే కోసేస్తోంది!"

నాన్న నా వైపు చూశాడు. ఎన్ని రోజులకో అలా నిండుగా చూశాడు.

"తెలుసమ్మా" అన్నాడు. "పీత కొరికితే పీచు లేస్తది. చాకు కోత నున్నగా ఉంటది. పుట్టినకాడి నుంచీ వల కుట్టేవోణ్ణి, మొదటి రోజే తెలిసిపోయింది."

"మరి ఎందుకు కుడుతున్నావు?"

"మా అమ్మకి కళ్ళు కనపడవు కదే. కనపడని కళ్ళతో రోజూ అంత కష్టపడి కోస్తంటే, నేను కుట్టకుండా ఎట్టా ఉండను? నువ్వు మాత్రం చెప్పమాక."

అంటూనే ఆయన ఏటి వైపు తిరిగాడు. మావయ్యని పేరు పెట్టి పిలిచాడు. నా చేతిలోంచి నీ చెయ్యి జారిపోయిందిరా అని నీళ్ళతో చెప్పినట్టు చెప్పి, భోరుమని ఏడ్చాడు. మగవాళ్ళు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, హడలిపోయాను. ఏం చెయ్యాలో తెలియక ఆయన లుంగీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. పొద్దుగుంకేవేళకి ఇద్దరం ఇంటికొచ్చాం. నాన్న మారు అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాడు.

అంతటితో తగ్గిపోయిందని చెప్తే అబద్ధం. డాక్టరుగారి దగ్గరికి చాలాసార్లు తిరిగాం. కొన్ని రోజులు మళ్ళీ గోడ వైపు తిరిగేవాడు. అప్పుడెవరూ ఏమీ అనేవాళ్ళం కాదు, వల మాత్రం గుమ్మంలో ఉండేది. ఏడాది తిరిగాక, తనంతట తనే, బాబాయితో కలిసి నావ ఎక్కాడు. ఆ తర్వాత ఒకనాడు నాయనమ్మ, "ఈమధ్య పీతలు వలని ముట్టుకోవట్లేదేంట్రా" అంది. "వాటిక్కూడా చూపు తగ్గింది కదమ్మా" అన్నాడు నాన్న. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నవ్వుకున్నారు.

ఇప్పుడు నాకూ ఆవిడ వయసొచ్చింది. గుడివాడలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇంట్లో ఎవరైనా ముభావంగా ఉంటే ఏమైంది ఏమైందని ప్రాణం తియ్యను. చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టి, ఈనెలు తీస్తూ పక్కన కూర్చుంటాను. అవసరమైతే డాక్టరు దగ్గరికి వెంట వెళ్తాను. ఇంత తెలిసిన దాన్ని, మొన్న మోకాలి ఆపరేషనయ్యాక నేనే గోడ వైపు తిరిగాను. నడవమంటే నడవలేదు, తినమంటే విసుక్కున్నాను. ఎవరికి చెప్పుకోను సిగ్గు!

ఒక ఉదయం మా మనవరాలు స్కూలు చొక్కా తెచ్చి, "మామ్మా, గుండీ ఊడిపోయింది" అంది. కుట్టాను. మర్నాడు రెండు ఊడాయి. మూడో రోజు ఇంకో చొక్కా. దారం కొసలు పట్టుకుని చూస్తే, నున్నగా ఉన్నాయి. ఈ కథ దానికి ఎప్పుడో అన్నం తినిపిస్తూ చెప్పాను, నేను మరిచిపోయాను గానీ అది మరవలేదు. సూదిలో దారం ఎక్కించి పెట్టమన్నాను, కుర్చీ వాకిట్లో ఎండలోకి వెయ్యమన్నాను, నువ్వూ ఇక్కడే కూర్చోవే అన్నాను.

వారం రోజులుగా గుండీలు ఊడటం లేదు. ఇవాళ పొద్దున్న నేనే కర్ర ఊతగా దాని గదిలోకి నడిచి వెళ్ళాను, కుట్టాల్సినవేమైనా ఉన్నాయా అని అడగడానికి.