బట్ట పట్టిన మోకాళ్ళు

డెల్మా ట్రెవాస్కిస్ సర్కస్ బండిలో పుట్టింది. నడవడం కన్నా ముందు వేలాడటం నేర్చిందని అక్కలు ఇప్పటికీ ఏడిపిస్తారు. యాభై దాటాక ఊళ్ళు తిరగడం మానేసి, వొడోంగా అనే ఊళ్ళో మూతపడ్డ ఒక వెన్న ఫ్యాక్టరీలో మకాం పెట్టి, దూలాలకు తాళ్ళూ పొడవాటి బట్టలూ కట్టి, వచ్చినవాళ్ళకల్లా వాటి మీద ఎక్కడం నేర్పుతోంది. మంగళవారం క్లాసు అందరిదీ. చెవులు వినపడని అమ్మాయిలొస్తారు, నడుము వంగని ముసలాళ్ళొస్తారు. అందరికన్నా పెద్దవాడు హేమిష్. జీవితమంతా వంగి గొర్రెల ఉన్ని కత్తిరించి నడుము పోగొట్టుకున్నాడు. తాడు పట్టుకుని వేలాడినంతసేపూ నొప్పి తెలియదని వస్తాడు.

ఒక చలికాలం కెర్రిన్ వచ్చింది, చక్రాల కుర్చీలో. పాతికేళ్ళ పిల్ల. పుట్టుకతోనే కాళ్ళు ఆమె మాట వినవు, చేతులు మాత్రం ఉక్కు. డెల్మా ముందే ఆలోచించి పెట్టుకుంది. బట్టను ఉయ్యాలలా కట్టి, అందులో కెర్రిన్‌ను కూర్చోబెట్టి, గిలక మీద తాడు లాగి పైకెత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"దించు," అంది కెర్రిన్.

దించింది. "భయమేసిందా?"

"భయం కాదు, ఒళ్ళు మండింది. ఉతికిన బట్టలు ఆరేసినట్టు ఆరేశావు నన్ను. ఇందులో నేను చేసిందేముంది, డెల్మా? జానెడైనా సరే, నేనే ఎక్కాలి."

డెల్మాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎక్కడమంటే పాదాల మధ్య బట్టను బిగించి దాని మీద నిలబడటమే. ఆమెకు ఇంకో దారి తెలియదు. వారమంతా అదే ధ్యాస. కాళ్ళు కదపకుండా తనే ఎక్కి చూసింది. కాస్త ఎత్తు వెళ్ళేసరికి భుజాలు పీకాయి.

"నాకు దారి తెలియట్లేదు, వెతుకుదామా?" అంది మళ్ళీ మంగళవారం.

"అదేదో మొన్నే అనుంటే పోయేది కదా," అంది కెర్రిన్, కుర్చీలోంచి కింద పరిచిన పరుపు మీదికి జారుతూ.

వారాల తరబడి లేవడం, కూలబడటం. ఒకరోజు కెర్రిన్ పళ్ళు బిగించి ఒక్క ఊపులో ఒంటిని పైకి లాక్కుంది. ఆ బిగువుకు మోకాళ్ళు రెండూ వాటంతటవే దగ్గరకొచ్చి, మధ్యనున్న బట్టను పటకారులా పట్టేశాయి. చేతులు సడలినా ఆమె జారలేదు.

"ఇవి ఇంతే. ఊరికే బిగుసుకుంటాయి," అంది ఆశ్చర్యంగా కిందికి చూసుకుంటూ. "ఈ బిగువు వదిలించాలనే చిన్నప్పట్నుంచీ నన్ను డాక్టర్ల చుట్టూ తిప్పారు."

తీరా దిగబోతే మోకాళ్ళు వదల్లేదు. డెల్మా కంగారుగా వాటిని విడదీయబోయింది.

"లాగకు! లాగితే ఇంకా బిగుస్తాయి."

డెల్మా చేతులు వెనక్కి తీసుకుంది. పక్క తాడుకు వేలాడుతున్న హేమిష్ అందుకున్నాడు: "ఇదిగో అమ్మాయ్, ఒకసారి ఓ గొర్రెకి కత్తిరింపు అయ్యాక అద్దం చూపించా. జుట్టు తిరిగి అంటించమంది."

"ఛీ, ఇదీ ఒక జోకేనా!" అంటూనే కెర్రిన్ పగలబడి నవ్వింది. నవ్వుకు ఒళ్ళంతా వదులై, మెల్లగా జారి పరుపు మీద పడింది.

ఆ రోజు నుంచి ఎక్కడం కన్నా ముందు దిగడం సాధన చేశారు. డెల్మా కిందే ఉండేది, అడిగితే తప్ప ముట్టుకునేది కాదు. అది ఆమెకు చాలా కష్టంగా ఉండేది. క్రమంగా కెర్రిన్ ఊపిరి వదలడంతోనే మోకాళ్ళను ఒప్పించసాగింది.

వసంతంలో ఊరివాళ్ళ ముందు ప్రదర్శన ఇచ్చారు. కెర్రిన్ రెండు నిలువుల ఎత్తెక్కి, చేతులు వదిలేసి, తల వెనక్కి వాల్చింది. వాళ్ళమ్మ వేళ్ళ సందుల్లోంచి చూసింది. వెనక పెట్టిన పాట అయిపోయినా ఆమె ఇంకా దిగుతూనే ఉంది. పూర్తిగా దిగేదాకా ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు.

తర్వాత బయట రొట్టెలో సాసేజీ పెట్టుకుని తింటూ కెర్రిన్ అంది: "వచ్చే వారం నుంచి తాడు."

"తాడు చర్మం ఒలిచేస్తుంది, పిల్లా."

"నీది ఒలవలేదా?"

డెల్మా తన మోచేతుల మీది పాత మచ్చలు చూసుకుంది. "మందపాటి ప్యాంటు వేసుకుని రా," అంది.