ఏట్లో మూలిగే బండ్లు

ఐవిందుర్‌కు ఒకటే జబ్బు. లోకంలో ఏ వస్తువు కంటపడ్డా అది ఊపిరి ఎక్కణ్ణుంచి పీలుస్తుందో ముందు తేలాలి. తేలేదాకా మనిషికి కాళ్ళూ చేతులూ ఆడవు. కొత్త వాషింగ్ మెషీన్ కొన్నామని కాఫీకి పిలిస్తే, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మెషీన్ వెనక బోర్లా పడుకుని చెవి ఆనించి వినేవాడు. చర్చిలో పాత హార్మోనియం అందుకోగానే మేమంతా పాట మొదలుపెట్టేవాళ్ళం. ఇతను మాత్రం "పాపం, దానికి ఆయాసంగా ఉంది" అని పక్కవాళ్ళ చెవి కొరికేవాడు. సొంత మేనమామ అంత్యక్రియల్లో శవపేటిక చుట్టూ తిరిగి, మూత అంచులు వేళ్ళతో తడిమి, పాస్టరు ఒద్దుర్‌ని పక్కకు పిలిచి ఏదో అడిగాడు. పాస్టరు మొహం కందగడ్డలా అయింది. ఏమడిగాడో మాకెవరికీ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అలాంటివాడికి దేవుడు తగిన పనే ఇచ్చాడు. మా ఐస్‌లాండ్‌లో ఈ మూల కొండలెక్కాలంటే గ్రియోటా ఏరు దాటాలి. పైన మంచు కరిగినప్పుడల్లా వంతెనలు కొట్టుకుపోతుంటే విసుగొచ్చి కట్టడమే మానేశారు. బండితో నీళ్ళలో దిగాల్సిందే. బూడిద కలిపినట్టుండే నీళ్ళు, జానెడు లోతులో ఏముందో కనబడదు. ఒక్క గుక్క ఇంజన్లోకి పోయిందా, లోపలి కడ్డీలు వంగిపోయి బండి అక్కడే కూలబడుతుంది. కూలబడినదాన్ని ఏరు వదలదు. అందుకని బండికి స్నార్కెల్ పెట్టిస్తాం. అంటే ఇంజన్ గాలి పీల్చే దారిని మడ్‌గార్డ్‌లోంచి బయటికి లాగి, ముందద్దం పక్కగా టాపు దాకా నిలబెట్టే గొట్టం. ఆ పనిలో ఐవిందుర్‌ని మించిన చెయ్యి మా లోయలో లేదు.

నా పేరు యోరున్. ప్రతి సెప్టెంబరులో కొండల మీది గొర్రెల్ని దింపుకొచ్చే మగాళ్ళకు వండిపెట్టే పని నాది. ఆ యేడు నా బండి మార్చి కొత్తది కొన్నాను. తీసుకెళ్ళి ఐవిందుర్ షెడ్డులో పెట్టాను. నిగనిగలాడే మడ్‌గార్డ్‌కి కాగితం అతికించి, గుండ్రంగా గీత గీసి, డ్రిల్లుతో బొక్క పెట్టేశాడు.

"ఒరేయ్ ఒరేయ్, కొత్త బండిరా అది!"

"కొత్తదైతే మాత్రం? ముక్కు ఎక్కడో కడుపులో పెట్టుకుని పుట్టింది. మొహం మీదికి తెస్తున్నాను."

గొట్టం బిగించాడు. అతుకు అతుక్కీ సీలెంటు పట్టించి క్లిప్పులు వేశాడు. గేర్‌బాక్సుక్కూడా ఊపిరుంటుందట, దానికో సన్నని పైపు వేసి పైకి లాగాడు. వైర్లు కలిసే చోటల్లా గ్రీజు రాశాడు. అంతా అయ్యాక ఇంజన్ ఆన్ చెయ్యమని, బానెట్ ఎక్కి, గొట్టం నోరు అరచేత్తో గట్టిగా మూసేశాడు. నా బండి గిజగిజలాడి, ఎగశ్వాస పెట్టి, చచ్చి ఊరుకుంది.

"చచ్చింది! చచ్చింది!" అని బానెట్ మీదే గంతేశాడు.

"నా బండిని చంపి చిందులేస్తావేం?"

"చస్తేనే తల్లీ బతికేది. నోరు మూసినా ఆడుతోందంటే ఎక్కడో దొంగచాటుగా పీలుస్తోందన్నమాట. గాలి దూరిన చోట నీళ్ళు దూరవా? అలాంటిదాన్ని నమ్మి ఏట్లో దిగితే పాస్టరుకు పని పెట్టినట్టే."

ఇంత పనిమంతుడికీ ఒక వంక ఉంది. అతను గొట్టం పెట్టిన ప్రతి బండీ మూలుగుతుంది. ఇంజన్ కాస్త గట్టిగా పీలిస్తే చాలు, గొట్టం నోట్లోంచి సన్నగా, పొడుగ్గా, ప్రాణం పోయేవాళ్ళు తీసేలాంటి మూలుగు వస్తుంది. ఒక్కో బండిదీ ఒక్కో గొంతు. పాస్టరు బండిది ముసలి గొంతు. నా దానికి దూడ తప్పిపోయిన ఆవు గొంతు వచ్చింది. పొగమంచు దిగిన రోజున బండి కనబడదు, మూలుగొక్కటే ఏటి మీదుగా తేలుతూ వస్తుంది. విన్నవాడికి వెన్నులో చలి పుట్టాల్సిందే.

ఎందుకు పుట్టదూ! ఆ ఏట్లోనే బెర్గుర్ పోయాడు. ఎప్పటి మాటో. పొగమంచులో ఒంటరిగా బండి దింపాడు, నడిమధ్య ఇంజన్ ఆగిపోయింది. ఎవరికీ వినబడలేదు. బండి దొరికింది గానీ మనిషి దొరకలేదు. అది మొదలు, మంచు పట్టినప్పుడు అవతలి ఒడ్డున నల్లటి ఆకారం ఒకటి నిలబడి ఉండేది. నేనూ చూశాను. చెయ్యి ఊపితే ఊపదు, పిలిస్తే పలకదు. మేం ఒడ్డెక్కి అటు తిరిగేసరికి ఉండదు. కొన్నేళ్ళకు అది కనబడటం మానేసింది. సరిగ్గా అప్పుడే ఐవిందుర్ బండ్లు మూలగడం మొదలెట్టాయి. బెర్గుర్‌కు ఒళ్ళు పోయి గొంతు మిగిలిందని మావాళ్ళు తేల్చేశారు. పగలు నవ్వేవాళ్ళు కూడా ఆ మాట ఏటి దగ్గర అనేవాళ్ళు కారు.

గొర్రెల దింపుడుకు పెద్దగా ఎన్నుకున్నవాణ్ణి మేం కొండరాజు అంటాం. ఆ వారం రోజులూ అతను చెప్పిందే చట్టం. అప్పటి కొండరాజు హాల్‌స్టెయిన్. మనిషి భారీ, మాట అంతకన్నా భారీ. బయల్దేరే ముందు మేమంతా సహకార దుకాణంలో కాఫీ తాగుతుంటే ఐవిందుర్‌ని పట్టుకున్నాడు.

"ఏవయ్యా, నా బండి ఏడుపు ఎప్పుడు మాన్పిస్తావ్? గుర్రాలు బెదురుతున్నాయి. మా ఆవిడ నా పక్కన కూచోనంటోంది."

"అది ఏడుపు కాదు, ఊపిరి. ఊపిరన్నాక చప్పుడుండదా?"

"పట్నంలో బిగించినవాటికి లేదే!"

"వాటికి ఆయుష్షు ఉందో లేదో నాకేం తెలుసు?"

"చూడు, నీకు పని సరిగ్గా రాదని ఒప్పుకో, పోనీ. లేకపోతే ఈ దింపుడు అయ్యాక లోయలో ఒక్కడు కూడా నీ షెడ్డు గడప తొక్కకుండా చేస్తాను."

ఐవిందుర్ కప్పులోకి చూస్తూ కూచున్నాడు. హాల్‌స్టెయిన్ బయటికెళ్ళి, కటింగ్ ప్లయర్ తెచ్చి, తన బండి గొట్టం నోట్లోంచి సన్నటి రేకు ముక్క ఒకటి పీకి అతని ముందు పడేశాడు. అప్పుడు తెలిసింది మాకు, అది పొరపాటున వచ్చే చప్పుడు కాదు, కావాలని పెట్టిందని. అందరూ గొల్లుమన్నారు. ఐవిందుర్ నవ్వలేదు. రేకు తీసుకుని జేబులో వేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత తెలిసినవాడు జనాన్ని జడిపించడానికి ఈ కోతిచేష్టలేమిటని.

ఏటి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమే మబ్బు నేలకు దిగింది. ముందు హాల్‌స్టెయిన్ బండి, వెనక నా వంటబండి, నా పక్కన ఐవిందుర్. మాకో అలవాటుంది. ఎవరో ఒకరు నడుముకు తాడు కట్టుకుని, కర్రతో ఏరు నడిచి చూశాకే బండి దిగాలి. ఐవిందుర్ నీళ్ళలో దిగడానికి ఛాతీదాకా వచ్చే రబ్బరు లాగు వేసుకుంటున్నాడు. హాల్‌స్టెయిన్ అద్దం దించాడు.

"పోయినవారం ఇక్కడే దాటాను. నడవక్కర్లేదు."

"పోయినవారం ఏరు వేరు, హాల్‌స్టెయిన్."

"నీ ఊపిరి కబుర్లు వంటావిడకు చెప్పుకో."

దిగిపోయాడు. వెనక ఎర్రలైట్లు కాసేపు కనబడి, మంచులో ఆరిపోయాయి. ఇంజన్ చప్పుడు నీళ్ళ హోరులో కలిసిపోయింది. అవతలి ఒడ్డెక్కినవాడు హారన్ కొట్టాలి. చెవులు రిక్కించుకుని నిలబడ్డాం. హారన్ లేదు. హోరు తప్ప ఏమీ లేదు.

"దాటాడా?" అన్నాను.

"ఎలా చెప్పను? మూగబండి. బతికుందో చచ్చిందో ఎలా తెలుస్తుంది?"

కేక పెట్టాను. ఏరు మింగేసింది. ఐవిందుర్ బానెట్ మీదికెక్కాడు.

"ఇంజన్ ఆన్ చెయ్యి యోరున్. గట్టిగా తొక్కు. నేను ఆపమనేదాకా ఆపకు."

తొక్కాను. నా బండి మూలిగింది. అరచేత్తో నోరు మూశాడు, మూలుగు తెగింది. చచ్చేలోపు వదిలాడు, మళ్ళీ మూలిగింది. మూయడం, వదలడం. ఎవరినో పీక నొక్కుతూ వదులుతూ ఉన్నట్టుంది ఆ చప్పుడు. అవతలి గుట్టల్ని తాకి తిరిగొస్తుంటే, మంచులో ఇంకెవరో బదులు పలుకుతున్నట్టే అనిపించింది. తెలిసిన ప్రార్థనలన్నీ కలగాపులగంగా చదివేశాను.

అప్పుడు అవతల రెండు పచ్చటి వెలుగులు లేచాయి. మెల్లగా నీళ్ళ మీదికి వంగాయి. వాటి ముందు, అదే నల్లటి ఆకారం. అదే నిలుపు. చేతుల్లో ఏదో వేలాడుతోంది.

"ఐవిందుర్! బెర్గుర్ వచ్చాడు!" అని స్టీరింగు కింద దూరిపోయాను.

ఆకారం నోరు తెరిచింది.

"హాల్‌స్టెయిన్! తాడు నడుముక్కట్టుకోరా దున్నపోతా, మెడక్కాదు!"

దయ్యాలు అంత శుభ్రంగా తిట్టవు. అది బెర్గుర్ భార్య మాల్‌ఫ్రిదుర్. ఒడ్డుకు ఎగువన ఆ గుట్ట మీద ఒంటరిగా ఉండే ముసలామె. ఆ లైట్లు ఆమె ట్రాక్టరువి. మంచు కాస్త పలచబడితే చూశాను. మా కొండరాజు బండి దిగువకు కొట్టుకుపోయి గుంతలో ఒరిగింది. ఆయన టాపు మీద బాసింపట్టు వేసుకుని, స్నార్కెల్‌ను తల్లి కొంగులా కరుచుకుని ఉన్నాడు. గుంతలో నీళ్ళు గొట్టం నోటిదాకా ఎక్కాయట. ఇంకాస్త ఆలస్యమైతే బండితోపాటు దొర్లిపోయేవాడే. మాల్‌ఫ్రిదుర్ ఆయన్ను చేపలా లాగి ఒడ్డున పడేసింది.

ఐవిందుర్ కర్రతో నడిచి ఎగువన వేరే దారి చూశాడు. మేమూ దాటి ఆమె వంటింట్లోకి చేరాం. హాల్‌స్టెయిన్ బట్టలు పొయ్యి మీద ఆరుతున్నాయి. ఆయన ఆమె ఉన్ని గాగ్రా కట్టుకుని, దుప్పటి కప్పుకుని, పొయ్యికి అతుక్కుపోయి ఉన్నాడు. ఎదురుగా కాఫీ, పిండి మెలితిప్పి నూనెలో వేయించిన వేడి క్లెయినాలు.

"నీకెలా తెలిసింది మాల్‌ఫ్రిదుర్?" అన్నాను.

"నీ బండి గొంతు నాకు తెలీదూ? దూడ తప్పిన ఆవు. పోయిన నెలలో మొదటిసారి విన్నాను. అది తెగి తెగి వస్తోందంటే ఒడ్డున నిలబడి ఎవరికోసమో అరుస్తోందనేగా. వెంటనే ట్రాక్టరు తీశాను."

"అయితే ఇదివరకు ఒడ్డున నిలబడేది..."

"నేనే. మంచు పడితే ఎవరు దిగుతారో, ఎవరు ఆగుతారో ఇక్కడికి వినబడేది కాదు. బెర్గుర్ కూడా వినబడకుండానే పోయాడుగా. అందుకని తాడు పట్టుకుని వెళ్ళి నిలబడేదాన్ని."

"చెయ్యి ఊపితే ఊపేదానివి కాదేం?"

"తాడు ఎవడు పట్టుకుంటాడే?" అని కసిరింది. "ఒక చలికాలం ఊపిరితిత్తులు పట్టేసి మంచాన పడ్డాను. ఈ ఐవిందుర్ చూడ్డానికొచ్చాడు. పలకరింపు వదిలేసి, ఎప్పట్లాగే నా ఛాతీకి చెవి పెట్టి విన్నాడు. ఒడ్డుకు వెళ్ళకు అని చెప్పలేదు, చెప్పినా నేను విననని తెలుసు. ఆ వసంతం నుంచి బండ్లు మూలగడం మొదలెట్టాయి. మొదట పాపం పని మర్చిపోయాడనుకున్నా. తర్వాత చూస్తే ఒకదాని గొంతు ఇంకోదానికి లేదు. ఇప్పుడు పొయ్యి దగ్గరే కూచుంటాను. మూలుగు ఇటు చేరితే కాఫీ పెట్టుకుంటా. నడుమ తెగితే ట్రాక్టరు తీస్తా."

"ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదేం?"

"అతను నాకే చెప్పలేదు. నేనూ అడగలేదు."

అందరం ఐవిందుర్ వైపు చూశాం. చెవులదాకా ఎర్రబడిపోయి, "అదేం కాదు, గొట్టం వంపులో చిన్న లోపం... గాలి సుడి తిరిగి..." అని నసుగుతూ ఆమె కాఫీ కుండ ముక్కును పరీక్షించడం మొదలుపెట్టాడు. లోయంతా నవ్వినా పడ్డాడు, షెడ్డు మూసుకోవలసి వస్తుందన్నా పడ్డాడు, ఒక్క మాట పైకి అనలేదు. వాడి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఒక క్లెయినా వాడి నోట్లో కుక్కాను.

అంతలో దూరంగా మంచులో ముసలి మూలుగు ఒకటి మొదలైంది. పాస్టరు. కప్పులు కింద పెట్టి విన్నాం. మూలుగు ఏటి మధ్యకు వచ్చింది, సన్నబడింది, పోయిందేమో అనుకునేంతలో మళ్ళీ లేచి ఒడ్డెక్కింది. హారన్ మోగింది. మాల్‌ఫ్రిదుర్ లేచి బల్ల మీద ఇంకో కప్పు పెట్టింది.

దుప్పట్లోంచి హాల్‌స్టెయిన్ గొంతు సవరించుకున్నాడు. "నా బండి గొంతు... నిన్నటిదాకా ఎలా వినబడేది నీకు, మాల్‌ఫ్రిదుర్?"

"నీదా? అప్పులవాడు తలుపు కొట్టిన ముసలి పొట్టేలు."

మా నవ్వులకు కప్పులు గలగలలాడాయి. హాల్‌స్టెయిన్ నవ్వలేదు. చెయ్యి చాచి ఐవిందుర్ మోకాలి మీద వేశాడు.

"కొత్త బండి తెచ్చినా అదే గొంతు పెట్టాలయ్యా. ఇంకోటి పెట్టకు. ఆవిడకు నేనని తెలియాలి కదా."