కాక్‌పిట్‌లో మర్యాద

దిగవలసిన ఊరు వెనకబడిపోయి పన్నెండు నిమిషాలైనా విమానం తనపాటికి తాను బుద్ధిగా ముందుకే పోతోంది. నడపవలసిన ఇద్దరూ గురక పెడుతున్నారు. నిద్ర ముంచుకొస్తే కెప్టెన్‌గారు చెవితమ్మె గిల్లుకుంటారు, తడి రుమాలు మెడకు చుట్టుకుంటారు. వరసగా అయిదో రోజు తెల్లవారుజామునే డ్యూటీకి వచ్చిన ఆయనకు ఆ రెండూ పనిచేయలేదు. ఒకరు కునుకు తీస్తే రెండోవారు మేలుకోవాలన్నది అక్కడి పద్ధతి. "ముందు మీరు పడుకోండి సార్," అన్నాడు కో-పైలట్. "ఛ, నువ్వు పడుకోవయ్యా," అన్నారీయన. పెద్దాయన మాట తీసెయ్యలేక అతడూ, చిన్నవాడి మనసు నొప్పించలేక ఈయనా పడుకున్నారు. ఎయిర్‌హోస్టెస్ తలుపు దబదబా బాదితే ఉలిక్కిపడి లేచి, విమానాన్ని వెనక్కి తిప్పి, నూట ఎనభై మందినీ క్షేమంగా దించారు. మర్నాడు డ్యూటీలు వేసే ఆఫీసరు కెప్టెన్‌గారిని పిలిపించి, లైసెన్సు పీకించేస్తానని గుడ్లురిమాడు. "ఆకాశంలో నిద్రపోవడానికి సిగ్గుగా లేదుటండీ?"

"ఏం చెయ్యను సార్, మీరు నేలమీద ఉండనిస్తేగా!"