పడమటి మొహం పీఠం

పొద్దున ఆరున్నరకు గుంటూరులో రైలెక్కాను. సంచిలో దిక్సూచి, నీటిమట్టం, నాలుగు ఇడ్లీలు. ఎదురు సీటులోని పెద్దావిడ దిక్సూచిని చూసి, "దారి తప్పుతామని భయమా తల్లీ? రైలు పట్టాల మీదే పోతుందిలే" అని నవ్వింది.

నా ఉద్యోగం చెబితే ఎవరూ నమ్మరు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల తూకం సరిచూడటం. రాడార్ ఉపగ్రహం రేడియో తరంగాలు పంపి, నేలకు తగిలి తిరిగొచ్చిన వాటితో బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మలోని వెలుగు నిజమో కాదో తెలియాలంటే, ఎంత తిప్పికొడుతుందో మనకు ముందే తెలిసిన వస్తువొకటి నేల మీద ఉండాలి. కొట్లో తక్కెడకు తూకపురాయి ఎలాగో, మాకు మూడు అల్యూమినియం రేకులను గది మూలలా బిగించిన పరావర్తకం అలాగ.

ఆళ్లగడ్డ దగ్గర పొలాలన్నీ నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోళ్లు తెరుస్తుంది. ఇనుప స్తంభం పాతితే ఏడాది తిరక్కుండా ఒరుగుతుంది. మా ఆఫీసు పెద్దలు ఆ చోటే వద్దన్నారు. నేను పంతం పట్టాను. "విగ్రహాలు చెక్కే ఊరండీ, రాతిపీఠం వేయిస్తాను" అన్నాను. "సరే, మొదటి బొమ్మలో ఆ రేకుల తెల్లచుక్క సరిగ్గా పడకపోతే ఆ చోటు మరిచిపో" అన్నారు. ఆ మొదటి బొమ్మ తీసేది ఆ రోజు సాయంత్రం ఆరింటికే!

నల్లమలలో కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి. సొరంగాలు, వెదురు పొదలు, చల్లటి గాలి. మధ్యాహ్నానికి నంద్యాల. స్టేషన్ ఎదుట భోజనం చేసి, కడప వైపు పోయే బస్సెక్కాను. మూడు దాటాక ఆళ్లగడ్డలో దిగేసరికి పీఠం పని ఒప్పుకున్న శిల్పి ఓబులేసు మోటార్‌సైకిల్‌తో సిద్ధంగా ఉన్నాడు. ఒంటినిండా రాతిపొడి, మొహం నిండా సంతోషం.

"అంతా అయిపోయిందక్కా. నువ్వు వచ్చి చూడడమే బాకీ."

పొలం వీరారెడ్డి గారిది. గట్టు పక్కన నల్లరాతి పీఠం, దాని మీద రేకులు, చుట్టూ పసుపు కుంకుమ. ఎంత ముచ్చటగా ఉందో! దిక్సూచి తీశాను. రేకుల మొహం తూర్పుకు ఉంది.

"ఓబులేసన్నా! ఇదేంటి? నేను పంపిన పటంలో బాణం పడమరకు గీశాను కదా?"

"గీసినావక్కా, చూసినా. పీఠానికి మొహం పడమరకు ఎవురన్నా పెడ్తారా? తొందరలో తప్పు గీసినావనుకొని నేనే సరిజేసినా."

కోపం తన్నుకొచ్చింది. అతని మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. తాతల నాటి నుంచి వాళ్లు చెక్కిన పీఠాలన్నీ తూర్పుకే కూర్చున్నాయి మరి. సాయంత్రం ఉపగ్రహం చూసేది పడమటి వైపు నుంచి, తూర్పుకుంటే దానికి వీపే కనబడుతుందని చెప్పాను. ఓబులేసు మొహం మాడిపోయింది.

"రాతిలో గాళ్లు కొట్టి రేకులు బిగించేసినానే! ఇప్పుడు మళ్లీ కొత్త గాళ్లు కొట్టాలంటే పొద్దు గూకుతుంది."

గట్టు మీద కూర్చున్న వీరారెడ్డి గారు కండువా దులిపి లేచారు. "సిమెంటు పోసినావా ల్యాదా?"

"ల్యా. రేపు పోద్దామనుకొని ఇసకలోనే కూచోబెట్టినా."

"అట్లయితే రాయినే తిప్పండప్పా!"

పక్క చేలలో కలుపు తీసేవాళ్లు వచ్చారు. గడ్డపారలు, దుంగలు. "ఐలేసా!" అన్నప్పుడల్లా రాయి కాస్త కదిలింది. నేను దిక్సూచి పట్టుకుని, "ఇంకొంచెం దక్షిణానికి! అయ్యో, ఎక్కువైంది!" అని గొంతు చించుకున్నాను. ఐదున్నరకు పీఠం నేను చెప్పిన చోటికి వచ్చింది. మట్టం బుడగ మధ్యలో నిలిచింది.

ఆరయింది. అందరం ఆకాశం కేసి చూశాం.

"యాడ? ఏమీ కనబల్లా" అన్నారు వీరారెడ్డి గారు.

"కనబడదు సార్. పోయింది కూడా."

"ఇంత కష్టపడితే కనబడను కూడా కనబడదా! రా, రొట్టెలన్నా తిందాం."

సద్దరొట్టె, చెనిక్కాయల పొడి, గడ్డపెరుగు. తిన్నానే గానీ మనసంతా ఆ చుక్క మీదే ఉంది.

రాత్రికి నంద్యాల లాడ్జీలో పడుకుని, పొద్దున ఉగ్గాని బజ్జీ తిని, తిరుగు రైలెక్కాను. గాజులపల్లె దగ్గర ఆఫీసు నుంచి ఫోనుకు బొమ్మ రావడం మొదలైంది. సగం వచ్చింది, అడవి ముంచుకొచ్చింది, సిగ్నల్ పోయింది. నిన్న మురిపించిన సొరంగాలను ఒక్కొక్కదాన్నీ తిట్టుకున్నాను. గిద్దలూరులో ఫోనుకు ప్రాణం వచ్చింది. బూడిదరంగు పొలాల నడుమ ఒక్కటే చుక్క, తెల్లగా, మెరిసిపోతూ! "పడింది!" అని అరిచాను. బోగీ అంతా తిరిగి చూసింది.

వెంటనే ఓబులేసుకు ఫోన్ చేశాను.

"ఇప్పుడే సిమెంటు పోస్తాండాం అక్కా. మా రాయి కనబడిందా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "కనబడేది రేకులే అన్నా. రాయి కనబడదు."

అవతల పెద్దగా నవ్వాడు. "పీఠాన్ని ఎవురు చూసినారులేక్కా? పైనున్న సామి కదలకుంటే అదే సాలు. పడమటి మొహమైనా మన సామి కదలడు, పో!"